నీలం సిరాతో దిద్దినవి

మార్చి 4, సోమవారం

మ్యూజియానికి వారపు సెలవు. జనం రారు కాబట్టి దుమ్ము దులిపే రోజు. నా గదిలో కూర్చుని కొత్త లేబుళ్ళు టైపు చేస్తుంటే క్యూరేటర్‌గారు పిలిపించారు. కూర్చోమన్నారు గానీ నిలబడే విన్నాను.

గదుల్లో కెమెరాలు పెడతారట. కాపలావాళ్ళ స్టూళ్ళు ఎత్తేస్తారట. ఆ స్టూళ్ళ మీద కూర్చునేవాళ్ళలో ఇంగ్లీషు పరీక్ష ప్యాసైనవాళ్ళు గైడ్లవుతారు. పరీక్ష వద్దనుకున్నవాళ్ళు ఏప్రిల్ 12 లోపు అర్జీ పెట్టుకుంటే కింద స్టోరులోకి మారుస్తారు. అర్జీ పెట్టకుండా పరీక్ష రాసి తప్పినవాళ్ళు ఇంటికే. పరీక్ష ఏప్రిల్ 22న, స్టోరుకి మారినవాళ్ళకి మళ్ళీ అక్టోబరులో. ఇరవైకి పదిహేను రావాలి.

ఇద్దరు పేరిచ్చారు. మీసాల మావయ్య, తాళాలక్క.

"నువ్వు కాన్వెంటులో చదివావు కదమ్మా, వాళ్ళకి కాస్త చెప్పు. మిగతావి ఎలాగోలా నెట్టుకొస్తారు. ఈ ‘ఎ’లూ ‘యాన్’లూ ఉన్నాయే, అక్కడే అందరూ బోర్లా పడతారు" అన్నారు.

"సరే సార్" అన్నాను. కాదనాలంటే ఇంకా ఎక్కువ మాటలు కావాలి.

మార్చి 5

తాళాలక్క నాకు దూరం నుంచే తెలుసు. మనిషి కనపడకముందే నడుముకున్న తాళాల గుత్తి వినపడుతుంది. పద్దెనిమిదేళ్ళుగా ఇంటి సామాన్ల గదిలో కాపలా. ఆ గదిలో రాజుల వస్తువులు ఉండవు. దువ్వెనలు, దీపాలు, పగిలి అతికించిన గిన్నెలు, చిన్నపిల్లలు లాగిన కర్రబండి. ఎవరివో ఎవరికీ తెలియదు. అందుకే అక్కడ నేను టైపు చేసిన లేబుళ్ళన్నీ ‘ఎ’తోనో ‘యాన్’తోనో మొదలవుతాయి.

పాఠం ఆ గదిలోనే చెబుదామనుకుంటున్నాను. చెప్పాల్సింది కాగితం మీద రాసుకున్నాను. నాలుగుసార్లు.

మార్చి 7, గురువారం

మూడింటికి మొదటి పాఠం. కాగితం చూసి చదివేశాను. ఇద్దరూ మర్యాదగా విన్నారు. ఏమీ అర్థం కాలేదని ఇద్దరి ముఖాల మీదా రాసి ఉంది.

చివరికి తాళాలక్కే నోరు విప్పింది. "మనకి గిన్నె అంటే గిన్నే కదా తల్లీ. వీళ్ళకి ఈ తోకెందుకు?"

"తోక కాదక్కా. అది ముందొస్తుంది."

"తోక ముందుండే జంతువా! ఇంకేం, తెచ్చి మన మ్యూజియంలోనే పెట్టాలి."

"దానికి కాపలాగా మళ్ళీ నువ్వే స్టూలేసుకోవాలి" అన్నాడు మావయ్య.

కాగితం మడిచి పక్కన పెట్టాను. "ఎవరో ఒకాయన వచ్చాడు అంటాం కదా. ఆ తర్వాత ఎవరో ఒకాయన అనం, ఆయన అంటాం. మొదటిసారి వచ్చే ఆ ‘ఎవరో ఒక’ ఉంది చూశారూ, అదే ‘ఎ’" అన్నాను.

తాళాలక్క కాసేపు ఆలోచించింది. "అంటే క్యూరేటర్‌గారి ముందు బంట్రోతు నడిచినట్టు. బంట్రోతు కనపడ్డాడంటే వెనకాల ఎవరో ఒకరు ఉన్నారన్నమాట."

పైకే నవ్వాను. ఈ భవనంలో నేను నవ్వడం ఎవరూ చూసి ఉండరు. మావయ్య వెనక్కి తిరిగి ఎవరా అని చూశాడు.

‘యాన్’ సంగతి కూడా చెప్పాను. కంటిని నమ్మొద్దు, నోటిని నమ్మాలి. ‘అవర్’ ముందు ‘యాన్’ ఎందుకంటే అందులో ‘హెచ్’ నోట్లో పలకదు. ‘యూనిఫామ్’ ముందు ‘ఎ’ ఎందుకంటే అది నోట్లో ‘యు’తో మొదలవుతుంది. తాళాలక్క ఒక్కో అద్దాల పెట్టె దగ్గరా ఆగి పెదాలు కదుపుకుంటూ తిరిగింది. దువ్వెనకి ‘ఎ’. గొడ్డలికి ‘యాన్’. దేవుణ్ణి తలుచుకుంటోందనుకున్నాడట మావయ్య.

ఇరవై వాక్యాలు ఇంటికి ఇచ్చాను.

మార్చి 8

సాయంత్రం దిద్దాను. మావయ్యకి పదిహేను. తాళాలక్కకి ఏడు.

ఎర్ర పెన్ను మూత తీసి చాలాసేపు పట్టుకున్నాను. ఏడో తరగతిలో అమ్మ మీద వ్యాసం రాశాను. పంతొమ్మిది ఎర్ర సున్నాలు. సిస్టర్ నన్ను నిలబెట్టి, ఆ సున్నాలు క్లాసు చేత పైకి లెక్కపెట్టించింది. పదకొండు దగ్గర ఎవరో తప్పు లెక్కపెడితే మళ్ళీ మొదటి నుంచి. ఆ తర్వాత తప్పు లేకుండా రాయడం నేర్చుకున్నాను. మాట్లాడటం మానేశాను.

తాళాలక్కకి యాభై ఏళ్ళు. ఎనిమిదో తరగతిలో బడి మానిపించారట.

ఆమె రాసింది నీలం సిరాతో. నా పెన్నూ నీలమే. మొదటి వాక్యంలో గొడ్డలి ముందు ఖాళీ ఉంది. అందులో ‘యాన్’ పెట్టాను. ఎలా ఉంటుందో ఆమెకి చూపించడానికే.

పద్నాలుగు వేశాను.

మార్చి 11, సోమవారం

"పద్నాలుగే!" అంది. పుస్తకం మూసి, తెరిచి, మళ్ళీ చూసుకుంది. దుమ్ము గుడ్డ అక్కడే పడేసి టిక్కెట్ల ఆవిడకి చూపించడానికి వెళ్ళింది. అక్కణ్ణించి తోటమాలికి. అక్కణ్ణించి సైకిల్ స్టాండు దాకా తాళాల చప్పుడు వినపడింది.

"మా ఆయన నమ్మడు. బస్సుల షెడ్డులో అందరికీ చెప్పుకుంటాడు చూడు" అంది తిరిగొచ్చి.

మార్చి 15

ఏడు. పదిహేను వేశాను.

ధైర్యం రావడానికి ఇంకో వారం. తర్వాత మామూలుగానే దిద్దుతాను.

మార్చి 18

ఇవాళ బాగా చెప్పింది. నోటితో అడిగితే పదింటిలో ఏడు సరిగ్గా చెబుతుంది. రాసేటప్పుడే జారిపోతాయి, లేకపోతే అన్నిటి ముందూ ‘ఎ’ పెట్టేస్తుంది. ‘ఎ ఫర్నిచర్’. ‘ఎ వాటర్’.

"నీళ్ళ ముందు బంట్రోతు నడవడక్కా" అన్నాను.

"ఎందుకు నడవడూ? మా వీధికి నీళ్ళ బండి వస్తే ముందు వాడే పరిగెత్తుకొస్తాడు."

మార్చి 22

తొమ్మిది. పదహారు వేశాను. తొమ్మిది కదా, పెరుగుతోంది. నేను పెట్టినవి చూసి నేర్చుకుంటోందనే అర్థం.

కళ్ళజోళ్ళ కొట్టు నుంచి వచ్చిన అమ్మ నా వెనక నిలబడి ఉందని చూసుకోలేదు.

"దిద్దుతున్నావా, రాస్తున్నావా?" అంది.

"దిద్దుతున్నా."

అమ్మ జోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "నా కొట్లో కళ్ళు పరీక్ష చేసేవాళ్ళలో కూడా ఉంటారే ఇలాంటివాళ్ళు. పాపం ముసలాయన కనపడట్లేదంటే బాధపడతాడని, అక్షరాలు వాళ్ళే చదివి వినిపిస్తారు. ఆయన అదే జోడుతో రోడ్డు దాటాలి" అంది. వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అమ్మకి ఈ విషయం సరిగ్గా తెలియదు.

మార్చి 25, సోమవారం

క్యూరేటర్‌గారు మార్కులు రాసిమ్మన్నారు. కాగితం మీద 14, 15, 16 అని రాసిచ్చాను. "పర్వాలేదే! ఈవిడ మావయ్యని దాటేసేట్టుంది" అన్నారు.

నేనేమీ అనలేదు. అది అబద్ధం కిందకి రాదు.

మార్చి 29

ఎనిమిది. పద్దెనిమిది.

ఏప్రిల్ 1, సోమవారం

పాఠం అయ్యాక మావయ్య స్టోరు అర్జీ సంగతి ఎత్తాడు. తను పెట్టడట. "పదిహేనుకీ పదహారుకీ మధ్య ఊగుతున్నాను. అయినా ఆ నేలమాళిగలో కూర్చోవడం నా వల్ల కాదు. నువ్వు?"

"నేనా? పద్దెనిమిది మార్కులదాన్ని స్టోరుకెందుకు పోతానయ్యా" అంది తాళాలక్క. "ఇన్నేళ్ళూ వచ్చినవాళ్ళందరూ నన్నే అడిగారు, ఇదేంటమ్మా అదేంటమ్మా అని. స్టూలు మీద కూర్చుని చెబితే కాపలా. నిలబడి చెబితే గైడు. అంతేగా తేడా!"

నాకేసి చూసి నవ్వింది. నేనూ నవ్వాను.

బస్సు వదిలేసి నడిచి ఇంటికొచ్చాను.

ఏప్రిల్ 4, గురువారం

ఇవాళ చెబుదామనుకున్నాను. మావయ్య వెళ్ళేదాకా ఆగాను. అప్పుడు ఆమె, కర్రబండి చక్రం పుల్లంత పక్కకి జరిగిందని, దులిపినవాళ్ళు మళ్ళీ సరిగ్గా పెట్టలేదని చూపించింది. నాకు ఏ తేడా కనపడలేదు. దారం పట్టి కొలిచాం. నిజంగానే జరిగింది.

తర్వాత ఐదయింది.

ఏప్రిల్ 5

పది. పంతొమ్మిది వేశాను. క్యూరేటర్‌గారికీ అదే రాసిచ్చాను.

చెప్పలేదు.

ఏప్రిల్ 8, సోమవారం

ఇంటికివ్వకుండా నా ముందే విడి కాగితం మీద రాయించాను. గంట టైము, ఇరవై వాక్యాలు, అసలు పరీక్షలాగే. మధ్యలో తాళాలక్క తల ఎత్తి పైకప్పు చూస్తూ పెదాలు కదిపింది. నోటిని నమ్ముతోంది. నేను చెప్పినట్టే.

ఇంటికొచ్చి పెన్ను ముట్టుకోకుండా చదివాను. పదకొండు. ఆమె తెచ్చుకున్నవాటిలో ఇదే ఎక్కువ. ఇరవై రెండో తారీకుకి ఇది పదిహేను అవ్వదు. నాలుగు రోజుల నుంచి అవుతుందేమోనని లెక్కలు వేస్తున్నాను. అవ్వదు.

ఒక్క అక్షరం కూడా పెట్టలేదు. కాగితం నా దగ్గరే ఉంచుకున్నాను.

ఏప్రిల్ 9

"దిద్దావా తల్లీ?"

"ఇంకా లేదక్కా."

ఏప్రిల్ 10

లేదన్నాను.

ఏప్రిల్ 11, గురువారం

చెప్పాను. ఎలా జరిగిందో అలాగే రాస్తాను.

నాలుగున్నరకి జనం పలచబడ్డాక ఆమె గదికి వెళ్ళాను. సోమవారం రాసిన కాగితం తెరిచి చేతికిచ్చాను. పైన పదకొండు అని పొద్దున్నే వేశాను.

చూసింది. "వేరేవాళ్ళది ఇచ్చినట్టున్నావు."

"మీదే అక్కా."

"మొన్న పంతొమ్మిదిచ్చావుగా?"

అప్పుడు చెప్పాను. గట్టిగా చెప్పలేదు. ఆమె రెండుసార్లు "ఆఁ?" అంది. రెండుసార్లూ మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. చెప్పినదానికన్నా మళ్ళీ చెప్పడం కష్టం.

సంచీలోంచి పాత పుస్తకం తీసింది. దీపాల పెట్టె దగ్గరికి తీసుకెళ్ళి, ఆ పెట్టెలోని లైటు వెలుతురులో పేజీ వాల్చి పట్టుకుంది. గుత్తిలోంచి చిన్న తాళంచెవి వేరు చేసి, దాని మొనతో చూపిస్తూ వెళ్ళింది.

"ఇది నాది కాదు. ఇదీ కాదు. ఇది నాదే. ఇది కాదు."

ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు. నా ‘ఎ’ గుండ్రంగా ఉంటుంది, ఆమెది కొంచెం వాలుతుంది. ఐదు వారాల పేజీలు పది నిమిషాల్లో తేల్చేసింది. ఒకావిడ పాపని వెంటబెట్టుకుని వచ్చి, మా ఇద్దర్నీ చూసి, వెనక్కి వెళ్ళిపోయింది.

"ఈ గదిలో గవ్వ జరిగితే కనిపెడతాను" అంది తాళాలక్క. "నా పుస్తకంలో ఇన్ని జరిగితే చూళ్ళేదు. పైన మార్కు చూసుకుని మూసేశాను. ప్రతిసారీ అంతే."

"తప్పు మీది కాదక్కా."

"నాది కాదని నాకు తెలుసులే. అసలు మార్కులు చెప్పు."

"ఏడు, ఏడు, తొమ్మిది, ఎనిమిది, పది. ఇప్పుడు పదకొండు."

"ఎందుకు చేశావు?"

"బాధపడతారని."

"ఎవరు?"

ఆమె ఆగింది. కాపలా కాసే మనిషి, ఎంతసేపైనా ఆగగలదు. చివరికి "నేను" అన్నాను.

పుస్తకం సంచీలో పెట్టుకుంది. "షెడ్డు మొత్తానికి చెప్పుకున్నాడు మా ఆయన" అంది. ఇంకాసేపటికి, "అర్జీకి రేపే కదా ఆఖరు?"

"రేపు ఐదింటిలోపు."

"వెళ్ళు. గది మూసుకోవాలి."

ఏప్రిల్ 12, శుక్రవారం

పొద్దుటి నుంచి తాళాల చప్పుడు నా గది వైపు రాలేదు. పన్నెండింటికి మావయ్య వచ్చి, "ఏంటమ్మాయ్, మీ ఇద్దరికీ చెడిందా? అది ఇవాళ నా మీసాల మీద కూడా జోకెయ్యలేదు" అన్నాడు. ఏమీ లేదన్నాను. నమ్మలేదు.

నాలుగుంపావుకి వచ్చింది. బల్ల మీద ఒక కాగితం పెట్టింది. ఇంగ్లీషులో ఉత్తరం. స్టోరుకి మార్చమని, అక్టోబరు పరీక్షకి మళ్ళీ పేరు రాసుకోమని. పావు పేజీ.

"చదువు. దిద్దకు."

చదివాను. నాలుగుచోట్ల తప్పులున్నాయి. పద్దెనిమిదేళ్ళుగా ఒక గదిని చూసుకుంటున్నానని రాసిన చోట, ఆ ఒక గది ముందు ఏమీ లేదు. ఖాళీ. ఒక్క అక్షరం పట్టేంత. పెన్ను కాగితం పక్కనే ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఎన్ని?" అంది.

"నాలుగు."

"ఎక్కడెక్కడో చెప్పకు. ఇవాళ్టికి ఇది నా కాగితం." తీసుకుని గుమ్మం దాకా వెళ్ళింది.

"అక్కా, నేనూ వస్తాను."

"ఎందుకు?"

"నేను చెప్పాల్సింది ఒకటుంది."

రమ్మనలేదు. వద్దనలేదు. వెనకాలే వెళ్ళాను.

క్యూరేటర్‌గారు ఉత్తరం చదువుతూ అలవాటుగా పెన్ను తీశారు. ఒకచోట సున్నా చుట్టబోయి ఆగారు. ఆమెని కాదు, నన్ను చూశారు. "పంతొమ్మిది మార్కులావిడ స్టోరుకి అర్జీ పెడుతోందేమిటి? ఇందులో ఈ తప్పులేమిటి? నువ్వు చూడలేదా?"

"చూశాను సార్."

"మరి దిద్దలేదే?"

"తప్పులు ఆవిడవి సార్. ఆ పంతొమ్మిది నాది. అంతకు ముందువి కూడా నావే" అన్నాను. ఏ వారం ఎంత వచ్చిందో, ఎంత వేశానో అన్నీ చెప్పాను. ఆ గదిలో నేను అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆయన పెన్ను కింద పెట్టారు. "ఇంగ్లీషు చెప్పమన్నానమ్మా నిన్ను. అబద్ధం చెప్పమనలేదు" అన్నారు.

ఉత్తరం మీద సంతకం పెట్టారు. టైము కూడా వేశారు. 4.40.

బయటికొచ్చాక తాళాలక్క గుత్తి నడుము నుంచి తీసి చేతిలో పట్టుకుని వెళ్ళింది. అందుకని చప్పుడు రాలేదు.

ఏప్రిల్ 16, మంగళవారం

మెమో వచ్చింది. మూడు వాక్యాలు. ఫైల్లో పెడతారు. మావయ్యకి మిగిలిన పాఠాలు క్యూరేటర్‌గారే చెబుతారట.

ఇంటి సామాన్ల గదిలో మూలన కెమెరా బిగించారు. స్టూలు తీసేశారు. అక్కడే కాసేపు నిలబడ్డాను. ఒక పిల్లాడు కర్రబండి చూపించి, ఇది ఎవరిదని వాళ్ళమ్మని అడిగాడు. ఆవిడ చుట్టూ చూసింది. చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. నేనున్నాను. ఎవరిదో తెలియదని, చక్రాలు రెండూ వేర్వేరు కర్రతో చేసినవని, అంటే ఒకటి విరిగితే ఎవరో కొత్తది చేసి పెట్టారని చెప్పాను. ఇదంతా తాళాలక్క చెబుతుంటే విన్నదే.

ఏప్రిల్ 17

లేబుల్ నంబర్లు కావాలన్న వంకతో కింద స్టోరుకి వెళ్ళాను. అరల మధ్య బల్ల వేసుకుని కూర్చుంది. అక్కడ వెలుతురు తక్కువ. నంబర్లు చెప్పింది. రాసుకున్నాను. అంతే.

అమ్మకి జరిగిందంతా చెప్పాను. "అడుక్కోకు. క్షమించమని పదేపదే అడిగితే ఆవిడే నిన్ను ఓదార్చాల్సి వస్తుంది. నీ పని నువ్వు చెయ్యి" అంది.

ఏప్రిల్ 20, శనివారం

మీసాల మావయ్య ఒక పుస్తకం తెచ్చి నా బల్ల మీద పడేశాడు. "కింద నుంచి పంపింది. ఏంటో నాకు చెప్పలేదు. నన్ను బంట్రోతుని చేసేశారు మీ ఇద్దరూ."

కొత్త పుస్తకం. మొదటి పేజీలో ఇరవై వాక్యాలు, స్టోరులో ఉన్న సామాన్ల మీద. నేనిచ్చినవి కావు. ఆమే అల్లుకుంది. ఇవి కష్టమైనవి. పాతవాటిలా ఒక్క ముక్కలో అయిపోవు. చెవి విరిగిన కూజా, ఎవరూ అడగని గొడుగు, ఒక్కటే మిగిలిన చెప్పు.

దిద్దాను. ఎన్ని వచ్చాయో అన్నీ. రెండుసార్లు చూసుకున్నాను, ఎక్కువ వేయలేదు, తక్కువ వేయలేదు.

ఏప్రిల్ 22, సోమవారం

మావయ్య మీసాలకి నూనె రాసుకుని పరీక్షకి వెళ్ళాడు. మ్యూజియానికి సెలవు. పుస్తకం తీసుకుని స్టోరుకి వెళ్ళాను.

తాళాలక్క పాత డబ్బా ఒకటి జరిపి, కూర్చోవడానికి చోటు చూపించింది. పుస్తకం తెరవలేదు. "నోటితో చెప్పు ముందు" అంది.

"తొమ్మిది."

"పోయినసారి పదకొండు కదా?"

"అవును."

"తగ్గిందా?"

"తగ్గింది."

నా ముఖంలోకి చూసింది. చూపు తిప్పుకోవాలనిపించింది. తిప్పుకోలేదు.

"సరే" అంది. "పదకొండు తప్పులన్నమాట. ఒక్కోటీ చూపించు."

పుస్తకం మా ఇద్దరి మధ్యా పెట్టి చూపించాను. మొదటి మూడూ ఒప్పుకుంది. నాలుగోదానికి తనని తనే తిట్టుకుంది. ఏడోదాని దగ్గర, గొడుగు ముందు తను రాసిన ‘ఎ’యే సరైందని, ‘యూనిఫామ్’కీ అదే కదా అని మొండికేసింది. కాదన్నాను. అవునంది. పలికి చూడమన్నాను. పలికింది. మళ్ళీ పలకమన్నాను. ఎంతసేపు వాదించుకున్నామో తెలియదు. మా గొంతులు పైన టిక్కెట్ల గది దాకా వినిపించాయని, అందులో ఎక్కువగా నాదే వినిపించిందని, తర్వాత టిక్కెట్ల ఆవిడ చెప్పింది.